లావాదేవీల హద్దులు: సంబంధాత్మక డేటాబేసులలో ఆటోకమిట్, స్పష్ట లావాదేవీ

నిర్వచనము

సంబంధాత్మక డేటాబేసునందు ఒకటిగా నెరవేరవలసిన, నెరవేరనిచో ఒకటిగా రద్దు కావలసిన ఆదేశముల సముదాయమునకు లావాదేవీ యని పేరు. అట్టి సముదాయము ఎచ్చట ఆరంభమై ఎచ్చట ముగియునో నిర్ణయించు పద్ధతులు ప్రధానముగా రెండు. ప్రతి ఆదేశమును ఒక సంపూర్ణ లావాదేవీగా గ్రహించి, అది సఫలమైన తత్‌క్షణమే డేటాబేసు తానే దానిని ఖరారు చేయుట ఆటోకమిట్ పద్ధతి. ప్రోగ్రాము వ్రాయువాడు తన ఆదేశములకు ముందు 'బిగిన్' అను ఆరంభమును, చివర 'కమిట్' అను ఖరారునో 'రోల్‌బ్యాక్' అను రద్దునో స్వయముగా పలుకుట స్పష్ట లావాదేవీ పద్ధతి. ఈ రెంటి నడుమ మూడవది యొకటి కలదు: ఆరంభమును ఎవ్వరును పలుకకయే తొలి ఆదేశముతో లావాదేవీ మొదలై, కమిట్ గాని రోల్‌బ్యాక్ గాని వచ్చువరకు తెరచియుండుట. దీనిని అంతర్నిహిత లావాదేవీ యందురు.

ఆటోకమిట్ అనగా లావాదేవీ లేకపోవుటయే యని పలువురు తలంచుచున్నారు గాని యది సరికాదు. పది లక్షల వరుసలను మార్చు ఒకే ఒక అప్‌డేట్ ఆదేశము తొమ్మిది లక్షల వరుసలు మార్చిన పిమ్మట విద్యుత్తు ఆగిపోయినచో, యంత్రము తిరిగి లేచిన తరువాత మారిన వరుస ఒక్కటియు కానరాదు. ఆటోకమిట్‌నందును లావాదేవీ యున్నది. ఎల్లలు గీయు పని మాత్రము డేటాబేసుది.

ఒక బ్యాంకులో ఒక ఖాతానుండి మఱొక ఖాతాకు 5,000 రూపాయలు మార్చవలసియున్నదనుకొందము. మొదటి ఆదేశము పంపువాని వరుసనుండి ఆ మొత్తమును తగ్గించును. రెండవది అందుకొనువాని వరుసకు కలుపును. ఆటోకమిట్ పద్ధతిలో మొదటి ఆదేశము ముగియగానే శాశ్వతమగును. రెండవది చేరకమునుపే నెట్‌వర్కు తెగినచో ఆ 5,000 రూపాయలు ఏ ఖాతాలోను ఉండవు. డేటాబేసు దృష్టిలో ఇందు దోషమేమియు లేదు. తనకు అందిన ఆదేశమును అది అక్షరాల నెరవేర్చినది. రెండు ఆదేశములు కలిసి ఒకే పని యని దానికి చెప్పినవారు లేరు.

చరిత్ర

1970లో ఐ.బి.ఎమ్. సంస్థ శాన్‌హోసే పరిశోధనాలయమున పనిచేయుచున్న ఎడ్గర్ ఎఫ్. కాడ్ సంబంధాత్మక నమూనాను ప్రతిపాదించెను. ఆ నమూనా పట్టికలను, వాటిమీద నడచు గణితమును చెప్పినదే గాని, ఏకకాలమున వందలమంది ఒకే పట్టికను మార్చునపుడు ఏమి జరుగవలయునో వివరింపలేదు. ఆ లోటును అదే పరిశోధనాలయమున నిర్మితమైన 'సిస్టమ్ ఆర్' అను ప్రయోగ వ్యవస్థ తీర్చినది. దాని నిర్మాతలలో నొకడగు జిమ్ గ్రే తాళముల సిద్ధాంతమును, లావాదేవీ భావనను క్రమబద్ధము చేసి, 1981లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున ఈ భావనకు మూలము ఒప్పందముల న్యాయశాస్త్రములో నున్నదని చూపెను. ఇరుపక్షములు బేరమాడుకొని, తుదకు సంతకము చేసిన క్షణముననే ఒప్పందము కట్టుబాటగుట ఆయన చూపిన పోలిక. ఈ కృషికి ఆయనకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించెను.

1983లో థియో హేర్డర్, ఆండ్రియాస్ రాయిటర్ అను జర్మను శాస్త్రజ్ఞులు లావాదేవీకి ఉండవలసిన నాలుగు లక్షణములను 'ఎసిడ్' అను పొడిపేరుతో కూర్చిరి. అవి అవిభాజ్యత, అనుగుణ్యత, వివిక్తత, చిరస్థాయిత. వీనిలో అవిభాజ్యతకును చిరస్థాయితకును ఆధారమైన పునరుద్ధరణ విధానములలో మిక్కిలి ప్రభావము చూపినది 'ఏరీస్'. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివి ఐ.బి.ఎమ్. అల్మడెన్ పరిశోధనాలయమున పనిచేసిన సి. మోహన్ తన సహచరులతో కూడి దీనిని 1992లో సమగ్రముగ ప్రకటించెను.

ఎల్లలు గీయుటలో నేడు కానవచ్చు గందరగోళమునకు కారణము ప్రమాణముల చరిత్రయందే కలదు. ఎస్‌క్యూఎల్ భాషకు 1986లోను 1992లోను ఏర్పడిన ప్రమాణములలో ఆరంభమును పలుకు ఆదేశమే లేదు. లావాదేవీ తనంత తానే మొదలగును, ముగింపు మాత్రము చెప్పవలయును. 'స్టార్ట్ ట్రాన్సాక్షన్' అను ఆదేశము 1999 నాటి ప్రమాణమున గాని చేరలేదు. ఈలోపల 1990 దశకమున వెలువడిన ఓడీబీసీ, జేడీబీసీ అను అనుసంధాన పద్ధతులు తమ తొలి అమరికగా ఆటోకమిట్‌ను ఎంచుకొన్నవి. పైథాన్ భాషకు ఏర్పడిన డేటాబేసు నిబంధన దీనికి విపరీతముగ, అనుసంధానము మొదట ఆటోకమిట్ లేకుండనే తెరువబడవలయునని శాసించినది. అందుచేత ఒకే డేటాబేసును జేడీబీసీని వాడు జావా ద్వారా సమీపించువానికి ప్రతి ఆదేశము వెంటనే ఖరారగుచుండగా, పైథాన్ ద్వారా సమీపించువాడు కమిట్ పలుకక వెడలిపోయినచో అతని పని అంతయు మాయమగును.

ఖరారు జరుగు విధము (చూ. ముందువ్రాత లాగు, పునరుద్ధరణము)

కమిట్ అనగా మారిన వరుసలను డిస్కుమీదికి చేర్చుట యని అనుకొనుట సహజము. వాస్తవమున జరుగునది వేఱు. కోమట్ల కొట్టులో బేరము జరుగగానే చిట్టాలో వ్రాసి, ఆవర్జాలోనికి తీరికగా ఎక్కించుకొను ఆచారము వంటిదే డేటాబేసుదియు. మార్పు ఏదైనను పట్టికల పేజీలను చేరుటకు ముందే, వచ్చిన క్రమమున, లాగు అను వరుస దస్త్రములో నమోదగును. కమిట్ వచ్చినపుడు ఆ లాగులో ఒక ఖరారు గుర్తు వ్రాసి, అంతవరకు వ్రాసినదానినెల్ల డిస్కు నిజముగా స్వీకరించినదని నిర్వహణ వ్యవస్థచే చెప్పించుకొనిన పిదపనే డేటాబేసు 'సరి' యని బదులిచ్చును. పట్టికల పేజీలు ఎప్పుడో తరువాత వ్రాయబడును. నడుమ యంత్రము కూలినచో, తిరిగి లేచునపుడు లాగును చదివి, ఖరారు గుర్తున్న లావాదేవీలను మరల ఎక్కించి, గుర్తు లేనివానిని తొలగించును.

తొలగించు పద్ధతి అన్ని డేటాబేసులలో ఒకటి కాదు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీ యంత్రాంగము, ఒరాకిల్ పాతవిలువలను ప్రత్యేకస్థలమున భద్రపరచి, రోల్‌బ్యాక్ వచ్చినపుడు ఒక్కొక్కదానినే వెనుకకు ఎక్కించును. కావున గంటసేపు నడచిన లావాదేవీని రద్దు చేయుటకును దీర్ఘకాలము పట్టవచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పాత వరుసను చెరపకయే పక్కన క్రొత్త వరుస వ్రాయును గనుక, రద్దు అనగా ఆ లావాదేవీ విఫలమైనదని ఒక గుర్తు వేయుటయే. అది క్షణములో ముగియును, కాని పనికిరాని వరుసలు పట్టికలో మిగిలి, వానిని ఊడ్చు పని 'వాక్యూమ్' అను ప్రక్రియకు చేరును.

డిస్కు స్వీకరించువరకు వేచియుండుటయే ఆటోకమిట్ యొక్క మూల్యము. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగును. ఎస్‌క్యూలైట్ నిర్మాతలు తమ ప్రశ్నోత్తరములలో తెలిపినట్లు ఒక లావాదేవీకి సాధారణముగ రెండు పూర్తిచుట్లు పట్టును, కావున అట్టి డిస్కుమీద సెకనుకు సుమారు 60 లావాదేవీలకు మించి జరుగవు. సాధారణమగు బల్లమీది కంప్యూటరుమీదనే ఇన్సర్ట్ ఆదేశములు మాత్రము సెకనుకు 50,000 వరకు, అంతకు మించియు, నడువగలవని వారే చెప్పుదురు. వేగము తగ్గుట ఆదేశమువలన గాక ఖరారువలన నని ఇందు తేటపడుచున్నది. లక్ష వరుసలను ఒక్కొక్కటిగా ఆటోకమిట్‌తో చేర్చువాడు లక్షమార్లు వేచియుండును. ఒక బిగిన్, ఒక కమిట్ నడుమ చేర్చువాడు ఒక్కమారు. నేటి ఘనస్థితి డిస్కులలో వ్యవధి తగ్గినదే గాని సమసిపోలేదు. పెద్ద డేటాబేసులు ఏకకాలమున వచ్చిన పలువురి ఖరారులను గుంపుగా ఒకే వ్రాతలో చేర్చి ఈ భారమును కొంత తగ్గించుకొనును. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ రెండును, డిస్కు బదులు రాకమునుపే 'సరి' యనుటకు వీలిచ్చు అమరికలను కలిగియున్నవి. యంత్రము కూలినచో చివరి కొన్ని ఖరారులు పోవుటకు సిద్ధపడినవారే వానిని వాడవలయును. డబ్బు లెక్కలకు అవి తగవు.

ఆటోకమిట్ పద్ధతి

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ ఈ నాలుగును తొలి అమరికగా ఈ పద్ధతినే అనుసరించును. మైఎస్‌క్యూఎల్‌లో ఆటోకమిట్ అను చలరాశి విలువ మొదట 1. దానిని 0 చేసినచో ఆ అనుసంధానము అంతర్నిహిత పద్ధతికి మారును. స్టార్ట్ ట్రాన్సాక్షన్ పలికినచో ఆ ఒక్క లావాదేవీ ముగియువరకు ఆటోకమిట్ తాత్కాలికముగ నిలిచి, ఆ తరువాత యథాపూర్వమగును.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చరిత్ర ఈ విషయమున గమనింపదగినది. 2002లో వచ్చిన 7.3 సంచికలో ఆటోకమిట్‌ను సర్వరులోనే ఆపివేయు అమరికను ప్రవేశపెట్టిరి. అందువలన కలిగిన ఫలితమేమనగా, ఏ ప్రోగ్రాము కూడ తాను మాటలాడుచున్న సర్వరు ఏ స్థితిలో నున్నదో ముందుగా అడుగక పని మొదలుపెట్టలేకపోయెను. మరుసటి యేటి 7.4 సంచికలో దానిని తొలగించి, ఆ పనిని సర్వరుతో మాటలాడు ప్రోగ్రాములకే విడిచిపెట్టిరి. నేడు పీఎస్‌క్యూఎల్ అను ఆదేశ సాధనములో ఆటోకమిట్‌ను ఆపినవారికి, ఆ సాధనమే వారి తొలి ఆదేశమునకు ముందు చాటుగా ఒక బిగిన్ పంపుచుండును.

ఆటోకమిట్‌లో తఱచు జరుగు పొరపాటు తాళమునకు సంబంధించినది. ఒక వరుసను చదివి, లెక్కించి, మార్చదలచువాడు 'సెలెక్ట్ ఫర్ అప్‌డేట్' అను ఆదేశముతో ఆ వరుసకు తాళము వేయును. తాళము లావాదేవీ ముగియువరకే యుండును. ఆటోకమిట్‌లో ఆ సెలెక్ట్ ముగియుటయే లావాదేవీ ముగియుట. అనగా తాళము పడిన క్షణముననే ఊడిపోవును. ఎట్టి దోషసూచనయు రాదు, పరీక్షలలో అన్నియు సరిగానే నడచును; ఇద్దరు ఒకేసారి వచ్చిన నాడు గాని లోపము బయటపడదు.

స్పష్ట లావాదేవీ పద్ధతి

బిగిన్ పలికిన పిదప జరిగిన మార్పులన్నియు ఆ అనుసంధానమునకు మాత్రమే కనబడుచు, కమిట్ వచ్చినపుడు ఒక్కమారుగా ఇతరులకు కానవచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 13వ సంచిక మొదలు పీఎస్‌క్యూఎల్ తన తొలి అమరికలోనే ఈ స్థితిని కంటికి కనబడునట్లు చూపుచున్నది: బిగిన్ పలుకగానే ఆదేశసూచికలో ఒక నక్షత్రపు గుర్తు చేరును, లోపల ఏ ఆదేశమైనను విఫలమైనచో ఆ నక్షత్రము ఆశ్చర్యార్థకముగ మారును, ముగియగానే రెండును పోవును. ఒక డిలీట్ ఆదేశమున నియమము వ్రాయ మరచి, తొలగిన వరుసలు 3 యని రావలసినచోట 48,000 అని వచ్చుట చూచినవాడు, ఆ నక్షత్రము ఇంకను ఉన్నచో రోల్‌బ్యాక్ పలికి గండము గడచును. ఆటోకమిట్‌లో నున్నవాడు బ్యాకప్‌ను వెదకుకొనవలసినదే. ఇట్టి ప్రమాదమునకై మైఎస్‌క్యూఎల్ ఆదేశ సాధనములో, సూచిక గల నియమము గాని పరిమితి గాని లేని డిలీట్, అప్‌డేట్‌లను నిరాకరించు వసతి యొకటి కలదు. దాని నిర్మాతలు హాస్యప్రియులై 'నేను మందబుద్ధిని' అను అర్థము వచ్చు మారుపేరును కూడ దానికి పెట్టియున్నారు.

నడుమ ఒకచోటికి మాత్రమే వెనుకకు మరలుటకు సేవ్‌పాయింట్ ఉపకరించును. ఈ భావన సిస్టమ్ ఆర్ నాటిదే. ప్రమాణమున 1999లో చేరినది. ఒక లావాదేవీలోపల మఱొక సంపూర్ణ లావాదేవీని నడుపుట మాత్రము ఈ డేటాబేసులలో సాధారణముగ సాధ్యము కాదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ బిగిన్‌లోపల బిగిన్‌ను అంగీకరించునే గాని, అది కేవలము ఒక లెక్కను పెంచుట. లోపలి కమిట్ ఆ లెక్కను ఒకటి తగ్గించునే తప్ప దేనిని శాశ్వతము చేయదు, లోపలి రోల్‌బ్యాక్ మాత్రము లెక్కను సున్న చేసి మొత్తమును రద్దు చేయును. మైఎస్‌క్యూఎల్‌లో లావాదేవీ నడుమ మరల స్టార్ట్ ట్రాన్సాక్షన్ పలికినచో అంతవరకు జరిగినది నిశ్శబ్దముగ ఖరారగును. ఒకే మాటకు ఇంతటి అర్థభేద ముండుట ఒక డేటాబేసునుండి మఱొకదానికి మారువారిని మిక్కిలి చిక్కులపాలు చేయుచున్నది.

లోపము సంభవించినపుడు ప్రవర్తనయు భిన్నమే. లావాదేవీలో ఒక ఆదేశము విఫలమైనచో ఒరాకిల్ ఆ ఆదేశమును మాత్రము రద్దు చేసి, మిగిలినదానిని నిలిపియుంచును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ లావాదేవీని మొత్తముగ విఫలమైనదిగా ప్రకటించి, తరువాతి ఆదేశములను వరుసగా నిరాకరించును. ఆ స్థితిలో కమిట్ పలికినను జరుగునది రోల్‌బ్యాకే. ఇన్నోడీబీ రెండువిధములను పాటించును: ఒకే కీ రెండుమార్లు చేరిన లోపమునకు ఆదేశము మాత్రము రద్దగును, పరస్పర ప్రతిష్టంభనకు లావాదేవీ యంతయు రద్దగును, తాళముకై గడువు దాటినపుడు మరల ఆదేశము మాత్రమే. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఎక్సాక్ట్ అబార్ట్' అను అమరిక తెరచియున్నచో ఆదేశము నడచునపుడు వచ్చిన లోపమునకు లావాదేవీ మొత్తము రద్దగును.

అంతర్నిహిత పద్ధతి

ఒరాకిల్ దీనికి ప్రధాన ఉదాహరణము. అందు మార్పు చేయు తొలి ఆదేశముతోనే లావాదేవీ మొదలగును. దాని ఆదేశ సాధనమగు ఎస్‌క్యూఎల్ ప్లస్‌నుండి సక్రమముగ వెడలిపోవువానికి తొలి అమరికలో మార్పులు ఖరారగును. కిటికీ మూసివేసియో అనుసంధానము తెగియో వెడలినవానికి రద్దగును. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ప్రత్యేక అమరికచే ఈ పద్ధతిని కోరి తెచ్చుకొనవచ్చును. జేడీబీసీలో ఆటోకమిట్‌ను ఆపినవారికి లభించునదియు ఇదియే. లావాదేవీ నడుమ ఆటోకమిట్‌ను తిరిగి తెరచినచో అంతవరకు జరిగినది ఖరారగునని ఆ నిబంధన చెప్పుచున్నది.

పట్టికల నిర్మాణాదేశములు, లావాదేవీ లేని పట్టికలు

పట్టికను సృష్టించుట, మార్చుట, తొలగించుట అను ఆదేశములు ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో అప్పటివరకు తెరచియున్న లావాదేవీని తమంత తామే ఖరారు చేయును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్‌లలో ఇవి చాలవరకు లావాదేవీకి లోబడినవే. తొలగించిన పట్టికను రోల్‌బ్యాక్‌తో తిరిగి పొందవచ్చును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోను డేటాబేసునే సృష్టించుట, వాక్యూమ్ వంటివి లావాదేవీలోపల అనుమతింపబడవు.

మైఎస్‌క్యూఎల్‌లోని మైఐసామ్ అను పాత పట్టికావిధము లావాదేవీలను అసలే ఎరుగదు. పైన చెప్పిన అవిభాజ్యత దీనికి వర్తింపదు. పది లక్షల వరుసల అప్‌డేట్ నడుమ ఆగినచో సగము మారియే యుండును. రోల్‌బ్యాక్ పలికినచో ఒక హెచ్చరిక వచ్చును గాని మార్పు నిలిచియే యుండును. 2010లో వెలువడిన 5.5 సంచిక మొదలు ఇన్నోడీబీయే తొలి అమరిక యైనది.

దీర్ఘ లావాదేవీలు (చూ. వివిక్తతా స్థాయిలు, తాళములు)

స్పష్ట లావాదేవీకి గల దోషము దానిని మూయ మరచుట. బిగిన్ పలికి, ఒక వరుసను మార్చి, భోజనమునకు వెడలిన ఉద్యోగి యొక్క తాళము అతడు తిరిగివచ్చువరకు ఉండును. ఆ వరుసను మార్చదలచినవారెల్లరు వేచియుండవలయును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో హాని ఇంకను విస్తృతము: తెరచియున్న పాత లావాదేవీకి కానవచ్చు వరుసలను వాక్యూమ్ తొలగింపజాలదు గనుక, ఆ లావాదేవీ ముట్టని పట్టికలు కూడ ఉబ్బుచుండును. పనిలేక తెరచియున్న లావాదేవీని గడువు తీరగానే తెంచు అమరిక 2016లో 9.6 సంచికతో వచ్చినది.

అనుసంధానములను పలువురు మార్చి మార్చి వాడుకొను వ్యవస్థలలో, ఒకడు ఆటోకమిట్‌ను ఆపి యథాస్థితికి తేకుండ తిరిగి ఇచ్చినచో, తరువాత వచ్చినవాడు తనకు తెలియకయే అంతర్నిహిత పద్ధతిలో పనిచేయును. అతని మార్పులు ఖరారు కాకుండుటకు కారణము అతని ప్రోగ్రాములో ఎంత వెదకినను దొరకదు.

ఎస్‌క్యూలైట్‌లో బిగిన్ పలికినంతనే తాళమేదియు పడదు. వ్రాతకు వలసిన తాళము తొలి వ్రాతవరకు వాయిదా పడును. చదువుటతో మొదలుపెట్టి వ్రాతకు మారునపుడు మఱొకరు అడ్డువచ్చుట ఇందువలన సంభవించును. వ్రాయుట నిశ్చయమైనపుడు 'బిగిన్ ఇమ్మీడియట్' పలుకుట దీనికి పరిహారము.

వినియోగ ప్రాధాన్యము

ఒక్క ఆదేశముతో ముగియు పనికి ఆటోకమిట్ చాలును, అదియే మేలు కూడ. తాళములు క్షణకాలమే యుండును, మరచిపోవుటకు ఏమియు మిగులదు. రెండు లేక అంతకెక్కువ ఆదేశములు కలిసి ఒక అర్థమునిచ్చునపుడు, చదివినదానిపై ఆధారపడి వ్రాయునపుడు, వేలకొలది వరుసలను ఎక్కించునపుడు స్పష్ట లావాదేవీ తప్పనిసరి. ఈ రచయిత దృష్టిలో అంతర్నిహిత పద్ధతి, చరిత్రరీత్యా ప్రమాణమునకు సన్నిహితమైనదే యైనను, క్రొత్తవారికి మిక్కిలి ప్రమాదకరము. కేవలము ఒక సెలెక్ట్ పలికినవాడు కూడ కొన్ని వ్యవస్థలలో తెలియకయే ఒక లావాదేవీని తెరచి కూర్చుండును.

పని ఒకటికి మించిన డేటాబేసులలో విస్తరించినపుడు పై పద్ధతులేవియు చాలవు. అప్పుడు ప్రతి డేటాబేసు మొదట 'సిద్ధము' అని లాగులో వ్రాసి తెలుపగా, అన్నియు సిద్ధమైన పిదపనే సమన్వయకర్త ఖరారు ఆజ్ఞ ఇచ్చు రెండంచెల కమిట్‌ను వాడుదురు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ వసతి 2005 నాటి 8.1 సంచికనుండి కలదు. సిద్ధమై తీర్పునకు వేచియున్న లావాదేవీ సర్వరును ఆపి మరల నడిపినను తన తాళములతో సహా నిలిచియుండును గనుక, అట్టివాని పరిమితిని నేటి తొలి అమరికలో 0గా ఉంచిరి. కావలసినవారు దానిని స్వయముగ పెంచుకొనవలయును.